మా అత్త వెన్నునీరు

ఉచ్చ, తెమడ, చీము, కడుపులో ఊరే నీళ్లు, ఊపిరితిత్తుల చుట్టూ చేరే నీళ్లు, మోకాలి చిప్ప కింద నిలిచే జిగురు. నాకు కూడు పెట్టేవి ఇవే. నంద్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ని నేను. మనిషి ఒంట్లోంచి ఏది కారినా, ఊరినా, పొంగినా చివరికి చిన్న సీసాలోకెక్కి నా బల్ల మీదికి రావాల్సిందే. ఊళ్లో పెద్దమనుషులని పేరున్న చాలామందిని నేను ఈ రూపంలోనే ఎరుగుదును. బజారులో ఎదురుపడితే ముఖం గుర్తుండదు, వాళ్ల మూత్రంలో చక్కెర ఎంతుందో మాత్రం గుర్తుంటుంది.

మా దగ్గరికి వచ్చే జనానికి ల్యాబంటే గుడి మీద ఉన్నంత నమ్మకం. అర్థమయ్యేది కూడా గుడిలో మంత్రాలు అర్థమైనంతే. ఒకసారి వెలుగోడు వైపు నుంచి ఒక రైతు పెద్ద కూల్‌డ్రింకు సీసా నిండా పచ్చటి ద్రవం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇంతెందుకన్నా, మూతెడు చాలు" అన్నాను.

"ఎనుముది మేడమ్. రెండు మూడు దినాలుగా మేత ముట్టలే. ఎట్లా నంద్యాలకు వస్తాండా కదా, ఈడనే సూపిద్దామని."

గేదెలకు ఇక్కడ పరీక్షలు చేయం అని చెప్పాను. ఆయన వినలేదు. "ఉచ్చ ఉచ్చే కదా మేడమ్. మనిషిదైతే ఏంది, ఎనుముదైతే ఏంది?" అని నిలదీశాడు. ఆలోచిస్తే జవాబు చెప్పడం కష్టమే.

ఇంకోసారి, పిల్లలు కలగడం లేదని ఒక కొత్త పెళ్లికొడుకు వీర్యపరీక్షకు వచ్చాడు. వెంట వాళ్లమ్మ కూడా వచ్చింది. అతను డబ్బా పట్టుకుని బాత్రూములోకి పోతే, ఆమె తలుపుకు చెవి ఆనించి నిలబడి "అయిందా నాయనా?" అని అడుగుతూనే ఉంది. లోపలి నుంచి చప్పుడు లేదు. "పని కాలేదా నాయనా? నేను రావాల్నా?" అని కూడా అడిగింది. ఆమెను మెట్లు దింపి టీకొట్టుకు పంపితే గానీ ఆ పరీక్ష ముందుకు సాగలేదు. వైద్యరంగానికి నేను చేసిన సేవల్లో ఇదొకటని ఇప్పటికీ అనుకుంటాను.

నా పక్క బల్ల మీద పనిచేసే ఆమెను నేను అక్కా అంటాను. శిరివెళ్ల దగ్గర పల్లె వాళ్లది. క్రైస్తవులు, వాళ్ల నాయన బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. అక్క ఏ స్లైడునైనా మైక్రోస్కోపు కింద పెట్టే ముందు కళ్లు మూసుకుని పెదవులు కదిలిస్తుంది. అది మలం స్లైడైనా సరే.

"దీనికి గూడా ప్రార్థనేనా అక్కా?" అని అడిగాను ఒకసారి.

"దీంట్లో పురుగుంటే నా కంటికి సూపించమని అడుగుతాండా పాపా. తప్పా?" అంది.

ఇదీ నేను పగలంతా ఉండే లోకం. సాయంత్రం ఆళ్లగడ్డ బస్సెక్కి ఇంటికి పోతే దీనికి పూర్తిగా తలకిందులైన లోకం ఒకటుంది. మాది అహోబిలంలో గుడి సేవ చేసుకునే కుటుంబం. ఆళ్లగడ్డలో నేను ఉండేది మా మేనత్త ఇంట్లో. మా నాయనకు అక్క ఆమె. మామ పోయాక ఆమె ఒంటరి, అమ్మానాయనలు పోయాక నేను ఒంటరి. వేరే గతిలేక ఇద్దరం ఒక కప్పు కిందికి చేరాం. అత్తకు ఒక్కడే కొడుకు. నాకు బావ. అహోబిలంలో అర్చకత్వం చేసుకుంటూ భార్యాపిల్లలతో అక్కడే ఉంటాడు.

అత్త మడి గురించి ఎంత చెప్పినా తక్కువే. పొయ్యి, నీళ్ల బిందె, ఊరగాయ జాడీ, వీటి చుట్టూ ఆమె గీసిన గీతలు దేశాల సరిహద్దుల కన్నా గట్టివి. ఉల్లి, వెల్లుల్లి మా గడప తొక్కవు. వీధిలో ఉల్లిగడ్డల బండి వస్తే ఆమె కిటికీ రెక్క మూసేది. వాటికి తోడు నేనొకదాన్ని. బస్సు దిగి వచ్చిన నన్ను ముందు గుమ్మంలోంచి రానిచ్చేది కాదు. పక్కసందులోంచి పెరట్లోకి పోయి, నెత్తి మీద నుంచి నీళ్లు పోసుకుని, బట్టలు అక్కడే నానేసి, అప్పుడు లోపలికి రావాలి.

"యాడ యాడ ఉచ్చలో చెయ్యి పెట్టి వచ్చినావో, ఆ తలుపు ముట్టుకోవాకే!" అని వంటింట్లోంచే అరిచేది.

"గ్లౌజులు ఏసుకుంటానత్తా."

"ఆ గ్లౌజులు ఎవురు ఇప్పినారు? నువ్వే గదా? ఏ చేత్తో?"

ఆసుపత్రిలో అంటురోగాల గురించి మాకిచ్చిన శిక్షణలో ఇంత గట్టి తర్కం నేను వినలేదు. నోరు మూసుకుని పెరట్లోకి పోయేదాన్ని.

ఒక ఏడాది ఎండలు ముదురుతున్న రోజుల్లో అత్తకు తలనొప్పి పట్టుకుంది. ఎండకేనని శొంఠి అరగదీసి పట్టు వేసుకుంది. తగ్గలేదు. సాయంత్రమయితే ఒళ్లు వెచ్చబడేది. అన్నం మీద ఇష్టం పోయింది. జాకెట్లు వదులైపోయాయి. ఊరందరి ద్రవాల్లో మునిగితేలే నేను ఇంట్లో మనిషి చిక్కిపోవడం చూసుకోలేదని రాస్తే కథకు బాగుంటుంది గానీ, అది అబద్ధం. చూశాను. రోజూ పోరాను. రక్తపరీక్ష చేస్తానంటే ఆమె చెయ్యి చాపలేదు.

"నా నెత్తురెందుకే నీకు? ఊళ్లోవాళ్లది సాల్లేదా?" అనేది.

జ్వరం బిళ్లలు మాత్రం వేసుకునేది. ఇంకాస్త కాలం గడిచేసరికి ఎక్కువగా నిద్రపోతూ ఉండేది. అదీ అత్త లక్షణం కాదు. మధ్యాహ్నం పూట కునుకు తీసేవాళ్లను కూడా సోమరుల కింద లెక్కగట్టే మనిషి ఆమె.

ఒక ఆదివారం పొద్దున నేను వాకిట్లో దండెం మీద బట్టలు ఆరేస్తున్నాను. బావ అహోబిలం నుంచి ప్రసాదం పులిహోర తీసుకుని వచ్చాడు. పట్టుపంచె, నుదుటి మీద నామం, చేతిలో మూత పెట్టిన గిన్నె. అరుగు మీద కూర్చున్న అత్త అతన్ని తేరిపార చూసింది. ఆ తర్వాత ఆమె నోట్లోంచి వచ్చిన మాటలు నేను ఆళ్లగడ్డ బస్టాండులో కూడా వినలేదు.

"ఎవడ్రా నువ్వు, దొంగ నా కొడకా! పంచె కట్టుకోని నా ఇంట్లో సొరబడతాండావా? నీ పిలక కోసి పొయ్యిలో పెడతా!"

బావ గిన్నెతో సహా రెండడుగులు వెనక్కి వేశాడు. "అమ్మా, నేనమ్మా. నీ కొడుకును."

"నీ యమ్మ యాడ సచ్చిందో పోయి ఎతుక్కోపో!"

అది అచ్చు వేయదగ్గ భాగం. మిగతాది వేయలేను. బావను, బావ పూర్వీకులను (వాళ్లంతా ఆమెకూ కావలసినవాళ్లే అన్న సంగతి మరిచి), పక్కింటివాళ్లను, ప్రహరీ మీద కూర్చున్న కాకిని, అందరినీ వరసపెట్టి తిట్టింది. ఒక్క మాట కూడా రెండోసారి వాడలేదు. ఇన్నేళ్లు ఆ మాటలన్నీ ఏ జాడీలో ఊరబెట్టి మూత పెట్టిందో తెలియదు. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూస్తున్నారు. కాసేపటికి ఆమె గొంతు మారింది. చిన్నపిల్లలా గారాలు పోతూ అడిగింది.

"ఎర్రగడ్డ పకోడీ కావాల. కాగితంలో కట్టించుకోని రా. బేగా పో."

ఎర్రగడ్డంటే మా వైపు ఉల్లిగడ్డ. గోడ అవతల ఎవరో పకపకా నవ్వారు. బావ అయితే గిన్నె కింద పెట్టి చెంపలు వేసుకున్నాడు.

"ఇది మా అమ్మ గాదు మే. గాలి సోకింది. మంత్రం ఏసేవాళ్లను పిలిపిస్తా."

నాకూ మొదట నవ్వొచ్చింది. నిజం చెప్పడానికేం, చాలా నవ్వొచ్చింది. ఆ నవ్వు ముఖంతోనే దగ్గరికి పోయి ఆమె నుదురు ముట్టుకున్నాను. కాలిపోతోంది. ఆమె మెడ కింద చెయ్యి పెట్టి తల ముందుకు వంచబోయాను. వంగలేదు. మెడ కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. ఆమె "అబ్బా" అని మూలిగింది. నా నవ్వు అక్కడితో ఆగిపోయింది. మెడ ఎందుకు అలా బిగుస్తుందో నాకు తెలుసు. అటువంటివాళ్ల దగ్గరి నుంచి నా బల్ల మీదికి ఏ సీసా వస్తుందో కూడా తెలుసు.

"మంత్రం తర్వాత బావా. కారు పిలిపించు" అన్నాను.

నంద్యాల దారిలో శిరివెళ్ల దాటేదాకా ఆమె ఎదురొచ్చిన ప్రతి ట్రాక్టరునూ తిట్టింది. ఆ తర్వాత తిట్లు ఆగిపోయాయి. తల నా ఒళ్లో వాల్చి కళ్లు మూసింది. పిలిస్తే పలకలేదు. ఇంకొక్క తిట్టు తిడితే బాగుండునని అప్పుడు ఎంత అనుకున్నానో చెప్పలేను. ముందు సీటులో బావ స్తోత్రం చదువుతున్నాడు. మధ్య మధ్యలో వెనక్కి తిరిగి చూస్తూ, వరస తప్పి మళ్లీ మొదటికి పోతున్నాడు.

మా ఆసుపత్రిలో డాక్టరుగారు ఆమెను చూసి, తల స్కాను తీయించారు. అదంతా అయ్యేసరికి సాయంత్రమయింది. మెదడు పొరలకు ఏదో జబ్బు సోకినట్టుందనీ, నడుము దగ్గర వెన్నులో సన్నటి సూదితో కొంచెం నీరు తీసి పరీక్ష చేస్తే గానీ అదేమిటో తేలదనీ బావకు నిదానంగా చెప్పారు. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ తిరిగే నీరు అది. పుస్తకాల్లో దాన్ని మస్తిష్కమేరు ద్రవం అంటారు. ఆ మాట నోరు తిరిగేలోపల రోగికి తగ్గిపోతుంది. మేము వెన్నునీరు అంటాం.

బావ ముఖం తెల్లబోయింది. "ఎన్నులో నీళ్లు తీస్తే కాళ్లు పడిపోతాయంట గదా సార్? మా ఊరి పక్కన ఒకాయనకు అట్లే అయింది."

"ఆయనకు కాళ్లు పడిపోయినాకే నీళ్లు తీసింటారు స్వామీ. జనం దాన్ని తిప్పి చెప్తాండారు" అన్నారు డాక్టరుగారు. ఆయనదీ ఈ వైపే, బేతంచెర్ల. మా మాటే మాట్లాడతారు.

బావ గోడ గడియారం వైపు చూశాడు. "అయితే ఇంకొంచేపు ఆగుదాం సార్. ఇప్పుడు రాహుకాలం."

"పురుగు ఆగదే మరి" అన్నారాయన.

బావ నా వైపు తిరిగాడు. ఆ కళ్లు చూస్తే జాలేసింది. తల్లి వెన్నులో సూది దించడానికి సరేనని ఒక్క మాట అనడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఎగతాళి చేయబోయి ఆగాను.

"బావా, నేను చేసే పనిలో సగం రాహుకాలంలోనే అవుతాంది. రోజూ ఈ నీళ్లు సూస్తాండా. ఒకవేళ దీన్ని తీయకపోతే ఏమవుతాదో కూడా సూసినా" అన్నాను.

అతను కాగితం తీసుకుని సంతకం పెట్టాడు. లోపల ఆమెను కదలకుండా పట్టుకోవడానికి మనిషి కావాలంటే తనే ముందుకొచ్చాడు. ఆమెను పక్కకు తిప్పి, మోకాళ్లు కడుపులోకి, గడ్డం రొమ్ము మీదికి వీలైనంతవరకు ముడిచి పడుకోబెట్టారు. బావ ఆమెను రెండు చేతులతో వాటేసుకున్నాడు. సూది దిగేటప్పుడు ఆమెకు కొంచెం తెలివొచ్చింది. తెలివొచ్చిన ఆనవాలుగా బావ చెయ్యి కొరికింది. అతను "కొరుకు అమ్మా, కొరుకు" అన్నాడు. చెయ్యి తీయలేదు. సూది వెనక నుంచి నీరు చుక్క చుక్కగా మూడు ట్యూబుల్లోకి పడింది.

ఆ ట్యూబులు నేనే పట్టుకుని ల్యాబుకు దాదాపు పరుగెత్తాను. ఈ నీళ్లు ఆలస్యాన్ని ఓర్చవు. నిలవ ఉంచితే అందులోని కణాలు చితికిపోతాయి. ఆదివారం డ్యూటీ అక్కది. పొద్దున చర్చికి పోయి, మధ్యాహ్నం నుంచి బల్ల దగ్గర ఉంది. నా చేతిలో ట్యూబులు, నా ముఖం, రెండూ చూసి లేచి నిలబడింది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ల వెన్నునీరు మంచినీళ్లలా తేటగా ఉంటుంది. చీము పట్టిందయితే బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా వస్తుంది. ట్యూబును దీపానికెత్తి చూశాను. తేటగానే ఉంది. "బాగుందక్కా" అన్నాను. అక్క దాని పక్కన మంచినీళ్ల ట్యూబు ఒకటి పెట్టి రెండింటినీ కలిపి చూపించింది. అప్పుడు తెలిసింది. అత్త నీళ్లలో ఎక్కడో పొగమంచు ఛాయ ఉంది.

కణాలు లెక్కపెట్టే గళ్ల గాజుపలక మీద చుక్క వేయబోయాను. చెయ్యి వణికి చుక్క పక్కకు పోయింది. ఎన్నో ఏళ్లుగా కళ్లు మూసుకుని చేసిన పని అది. మళ్లీ వేశాను. మైక్రోస్కోపులో చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో తప్పాను. మొదటి నుంచి లెక్కపెట్టి మళ్లీ తప్పాను.

"నువ్వు లే పాపా" అంది అక్క. "ఇది నా డ్యూటీ."

ఆమె కూర్చుని కళ్లు మూసుకుంది. మామూలు కన్నా ఎక్కువసేపే మూసుకుంది.

"అక్కా, బేగా. దేవునితో తర్వాత మాట్లాడొచ్చు."

"ఆయనతో మాట్లాడేదానికి టైం పట్టదు. మధ్యలో నువ్వు నస పెడితే పడతాది" అని కళ్లు తెరిచి, పని మొదలుపెట్టింది.

మామూలుగా ఆ గళ్లు ఖాళీగా ఉంటాయి. అత్తవి సంత జరిగే వీధిలా ఉన్నాయి. నిండా గుండ్రటి తెల్లకణాలు. చక్కెర ఉండాల్సినదాని కన్నా బాగా తక్కువ, ప్రోటీను బాగా ఎక్కువ. ఒక్కొక్కటీ వస్తున్నకొద్దీ అక్కా నేనూ ముఖాలు చూసుకోవడం మానేశాం. ఇలాంటి వరస దేనిదో ఇద్దరికీ తెలుసు. క్షయ క్రిమి మెదడు పొరలను పట్టినప్పటిది. డాక్టరుగారు రిపోర్టు చూసి, ఖాయంగా తేలేదాకా కూర్చునే జబ్బు కాదని ఆ సాయంత్రమే మందులు మొదలుపెట్టారు.

ఒక ట్యూబును కదపకుండా స్టాండులో ఉంచేశాం. పొద్దున వచ్చి చూస్తే ఆ నీటి మధ్యలో సాలెగూడు అల్లుకుని ఉంది. నిజం సాలెగూడు కాదు, నీటిలోని ప్రోటీను పేరుకుని అల్లుకున్న సన్నటి తెర. ఇది పుస్తకంలో చదివాను గానీ కళ్లారా చూడటం అదే మొదలు. ఎంత అందంగా ఉందంటే, నా ఇంటి మనిషిదని ఒక్క నిమిషం మరిచిపోయి అక్కను పిలిచి చూపించాను. ప్రభుత్వ ఆసుపత్రిలో యంత్రం మీద చేసిన పరీక్షలో కూడా క్షయేనని కొన్నాళ్లకు ఖాయమైంది.

ఆ సంగతి చెబితే బావ నమ్మలేదు. "టీబీనా? మా అమ్మకా? అంత మడిగా ఉండే మనిషికి ఎట్లొస్తాదే?"

"గాలిలో వస్తాది బావా. ఆ పొద్దు గాలి సోకిందని నువ్వన్నది కరెక్టే" అన్నాను.

అతనికి కోపం రాలేదు. నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. బంధువులందరికీ మాత్రం మెదడు జ్వరమని చెప్పాడు. క్షయ అంటే ఇంటికి మచ్చ, మెదడు జ్వరమంటే మెదడు ఉన్నట్టు సాక్ష్యం.

మందులు పడ్డాక మొదటి వారం భయంగానే గడిచింది. తర్వాత జ్వరం దిగసాగింది, తిట్లు పలచబడసాగాయి. వార్డులో నర్సులకు ఆ తిట్లు అలవాటైపోయి, "ఈ పొద్దు పెద్దమ్మ ఏమీ అనలేదే" అని దిగులుపడ్డారు. ఒక పొద్దున నేను మంచం దగ్గరికి పోయేసరికి ఆమె కళ్లు తెరిచి నేల వైపు చూస్తోంది.

"ఏమే, ఈ బండలు ఎవురు తుడిచినారు? తుడిచినట్టే లేదు" అంది.

అత్త వచ్చేసింది. నేను వరండాలోకి పోయి గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఏడుపు అయ్యాక తిరిగొచ్చి, బండలు తుడిచిన ఆమె తరఫున నేను తిట్లు తిన్నాను.

ఇంటికి పోయే ముందు ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని అడిగేశాను. "అత్తా, ఎర్రగడ్డ పకోడీ అడిగినావు, తెలుసా?"

"నేనా? నీ మొగం."

"ఊరంతా ఇన్నారు. కాగితంలో కట్టించుకోని రమ్మన్నావు."

అత్త దుప్పటి మడతలు సరిచేసుకుంది. ఇక చెప్పదనుకున్నాను. చెప్పింది. చిన్నప్పుడు చదువుకని కొన్నాళ్లు నంద్యాలలో బంధువుల ఇంట్లో ఉందట. బడిలో ఒక స్నేహితురాలు రైల్వేస్టేషను దగ్గర బండి మీద ఉల్లి పకోడీ కొనిపెట్టింది. కాగితం పొట్లంలో వేడివేడిగా. ఇద్దరూ గోడ పక్కన నిలబడి తిన్నారు. ఇంటికి పోతే నోటి వాసన పట్టేశారు.

"నెత్తిమీద బిందెలు గుమ్మరించినారు. పంచగవ్యం తాపినారు. మరుసటి దినమే సదువు మాన్పించి తోలకపోయినారు" అంది.

"పంచగవ్యంలో గోమూత్రం ఉంటాది గదత్తా?"

"ఉంటాది."

"అంటే ఎర్రగడ్డ వాసన పోయేదానికి ఉచ్చ తాపినారా?"

"ఆవుదే అది!" అని కసిరింది. "ఆవుది వేరు." తర్వాత నా వైపు చూడకుండానే అంది. "పకోడీ మాత్రం శానా బాగుండె."

ఆమెను ఇంటికి తెచ్చాక మొదటి పొద్దున పెరట్లోంచి కేక వినబడింది. పరుగెత్తాను. "నెత్తురు పోతాందే! అయిపోయినా!" అని స్నానాలగది తలుపు పట్టుకుని వణికిపోతోంది. నెత్తురు కాదు. క్షయకు వాడే మందుల్లో ఒకటి ఒంట్లో ఉండే నీళ్లన్నిటికీ కాషాయం రంగేస్తుంది. ఉచ్చ, చెమట, కన్నీళ్లు, అన్నిటికీ. ఆసుపత్రిలో ఉచ్చకు గొట్టం, సంచీ పెట్టారు కాబట్టి ఆమె చూసుకోలేదు. ఎంత చెప్పినా నమ్మలేదు. నమ్మకపోగా, నా నెత్తురెందుకే నీకు అని అడిగిన మనిషే ఒక సీసా నా చేతిలో పెట్టి "తీసకపోయి బాగా సూసి రా" అంది. ఆ రోజు ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా మా అత్త కాషాయ మూత్రం చేతిసంచిలో నిలబెట్టి, ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని బస్సులో వెళ్లాను. కండక్టరు దైవప్రసాదం అనుకున్నాడేమో, సీటు ఇప్పించాడు.

ఆ మందు సాగినన్నాళ్లూ ఆమె జాకెట్లకు చంకల్లో కాషాయం మరకలు. "సన్యాసం పుచ్చుకున్నావా అత్తా?" అంటే చెంబు విసిరింది. గురి తప్పింది. జబ్బు వల్ల ఎడమ చెవి వినికిడి పోయింది, నడకలో కొంచెం తూలు మిగిలింది. ఆ చెవిని వాడుకోవడం ఆమె తొందరగానే నేర్చుకుంది. వినదలచుకోని మాటలన్నీ ఎడమవైపు నుంచే వస్తున్నట్టు కూర్చుంటుంది.

ఒకరోజు బియ్యం ఏరుతూ ఉన్నట్టుండి అడిగింది. "నా ఎన్ను నీళ్లు సూసింది నువ్వేనా?"

"మొదలుపెట్టింది నేను. నాకు చెయ్యి వణికితే మా అక్క చేసింది."

"ఎవురోళ్లు ఆమె?"

"శిరివెళ్ల కాడ. క్రైస్తవులు."

చేట ఆగింది. "సేతులు కడుక్కోనిందా?"

నేను నవ్వు పట్టలేకపోయాను. "కడుక్కోకుండా ఎట్లుంటాది? క్షయ ఉండేది నీ నీళ్లల్లో గదా. ఇంటికి పోయి నెత్తిమీద నుంచి పోసుకోనింటాది పాపం."

అత్త నన్ను మింగేసేలా చూసింది. ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు. కానీ ఆ మాట ఆమె కుడిచెవిలోనే పడింది. తెల్లవారి నేను బయల్దేరుతుంటే, అరటాకులో చుట్టిన దద్దోజనం పొట్లం సంచిలో పెట్టి "ఆమెకియ్యి. నువ్వు తినేవు, నీది వేరేది కట్టినా" అంది.

ఏడాదికి మందులు ఆపేశారు. అది అయిన కొన్నాళ్లకు, చెప్పాపెట్టకుండా అత్త మా ల్యాబు గుమ్మంలో నిలబడి ఉంది. పక్కన మా పక్కింటామె, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

"ఈయమ్మ దగ్గుతానే ఉండాది. సూపించుకో అంటే ఇనదు. నేనే బస్సెక్కించుకోని వచ్చినా. దీని తెమడ సూడు" అంది అత్త, వరండాలో కూర్చున్న జనమంతా వినేలా.

పక్కింటామె ముఖం కందిపోయింది. ఆమెకు డబ్బా ఇచ్చి, లోపలి నుంచి దగ్గి తీయాలి, ఉమ్మి కాదు అని చెప్పి బయటికి పంపాను. తర్వాత తేలిందేమిటంటే ఆమెకు ఏమీ లేదు, వట్టి దగ్గే. అక్క వచ్చి అత్తకు కుర్చీ వేసింది. ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు.

"దద్దోజనంలో అల్లం జాస్తి అయిండె పెద్దమ్మా" అంది అక్క.

"అల్లం లేకుంటే అరగదు" అంది అత్త.

అక్క అప్పుడే ఒక మూత్రం స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టి ఉంది. "సూస్తావా?" అని పక్కకు జరిగింది. అత్త వద్దంటుందనుకున్నాను. లేచి, బల్ల అంచు పట్టుకుని, ఒక కన్ను మూసి వంగింది. ఎవరి మూత్రంలోనో పేరుకున్న ఉప్పురవ్వలు అందులో గళ్లుగా, పూరెక్కలుగా మెరుస్తున్నాయి.

"ఇదేంది, ముగ్గులేసినట్టుండాది?" అంది తల ఎత్తకుండా.

"ఎవురిదో ఉచ్చ అత్తా."

తల వెనక్కి తీస్తుందని చూశాను. తీయలేదు. అక్క మర తిప్పి స్లైడును కొంచెం జరిపింది. ఇంకొన్ని పూలు వచ్చాయి.

"ఇంకా జరుపు" అంది అత్త.

కిటికీ దగ్గర రిపోర్టుల కోసం వచ్చినవాళ్లు పిలుస్తున్నారు. పక్కింటామె డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అత్త ఒక కన్ను అలసిపోతే రెండో కన్ను పెట్టి చూస్తూనే ఉంది.